రాబందు మనకు చేసిన పని

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నప్పుడు మన పండగల గురించో, మన పాటల గురించో చెబుతానని అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా సహాయకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది గొడ్లు, వాటి జబ్బులు, వాటి చావు. అందుకే చచ్చిన గొడ్డును తిని బతికే ఒక పక్షి గురించి ఈ రోజు చెబుతాను. అది రాబందు. చివర్లో మన కిడ్నీల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఇప్పుడే అడగకండి. మాట పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆ మధ్య ఒక బడికి వెళ్లి పిల్లలకు పక్షుల బొమ్మలు చూపించాను. కాకి, గద్ద, కొంగ, గూడబాతు, అన్నిటినీ గుర్తుపట్టారు. రాబందు బొమ్మ చూపిస్తే ఒక కుర్రాడు లేచి "టర్కీ కోడి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. ఆ కుర్రాడికి పదమూడేళ్లు. వాడు పుట్టేనాటికే కాదు, వాళ్ల అమ్మకు పెళ్లయ్యేనాటికే మన ఆకాశంలో రాబందు లేదు. చూడని పక్షిని వాడు ఎలా గుర్తుపడతాడు? తప్పు వాడిది కాదు. చూసినవాళ్లం, చూసి చెప్పనివాళ్లం, తప్పు మాది.

దిబ్బ దగ్గర చూసింది

నా చిన్నప్పుడు ఊళ్లో ఎద్దు చచ్చిందంటే ఇంట్లో ఏడుపే. దుక్కి ఎలా సాగుతుందన్న దిగులు. ఏడుపు అయ్యాక నలుగురు మనుషులు కాళ్లకు తాడు కట్టి ఊరి చివర దిబ్బకు ఈడ్చుకెళ్లేవారు. తోలు తీసేవాళ్లు వచ్చి తోలు తీసుకుపోయేవారు. మేము పిల్లలం దూరంగా జీడిమామిడి చెట్టు కింద కూర్చుని చూసేవాళ్లం.

ముందు కాకులు వచ్చేవి. తరవాత ఒక కుక్క. ఆకాశం వైపు చూస్తే మొదట ఏమీ కనిపించదు. కొంచెంసేపటికి ఎక్కడో ఆవగింజంత చుక్క. ఆ చుక్క తిరుగుతూ కిందికి దిగుతుంటే దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకో నాలుగు. అరగంటలో దిబ్బ మీద ముప్పై నలభై పక్షులు. రెక్కలు చాపితే ఒక్కొక్కటి ఏడడుగులు. దిగేటప్పుడు రెక్కల చప్పుడు ఈదురుగాలిలా వినిపించేది.

అవి వాసన పట్టి వచ్చేవని మా తాత అనేవాడు. నేనూ చాలా ఏళ్లు అదే నమ్మాను. చదువుకున్నాక తెలిసింది, మన దేశపు రాబందులు వెతికేది ముక్కుతో కాదు, కంటితో. పొద్దున తొమ్మిది, పది దాకా చెట్టు మీదే కూర్చుంటాయి. ఎండెక్కి నేల కాగి వేడిగాలి పైకి లేచినప్పుడు ఆ గాలి మీద ఎక్కుతాయి. రెక్క ఆడించకుండా గంటల తరబడి తిరుగుతాయి. అలా చేస్తే ఒంట్లో శక్తి ఖర్చు కాదు. ఒక్కో పక్షి ఆకాశంలో ఒక్కో చోట ఉండి కింద నేలనూ చూస్తుంది, పక్కనున్న తోటి రాబందునూ చూస్తుంది. ఒకటి కిందికి దిగిందంటే దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఆ పక్కది. కబురు లేకుండా కబురు పోతుంది. రామాయణంలో కోతులు సముద్రపు ఒడ్డున దిగాలుగా కూర్చుంటే, లంకలో సీత ఉన్న చోటు చూసి చెప్పింది సంపాతి. జటాయువుకు అన్న. ఆ కథ అల్లినవాళ్లకు ఈ పక్షి చూపు గురించి బాగా తెలుసు.

తినడంలో కూడా ఒక వరస ఉంటుంది. మన ఊళ్లలో ఎక్కువగా ఉండింది తెల్లవీపు రాబందు. ఒళ్లంతా నలుపు, నడుము మీద తెల్లటి మచ్చ. మందపాటి తోలు చీల్చడం దానికి కష్టం. తోలు తీసేసిన గొడ్డు అయితే సరే, లేకపోతే కళ్లు, నోరు, వెనక భాగం లాంటి మెత్తటి చోట్ల నుంచి మొదలుపెడుతుంది. ఎర్రటి తల ఉన్న రాజ రాబందు గట్టి ముక్కుతో తోలు చీలుస్తుంది. అది గుంపులో తిరగదు, జంటగానో ఒంటరిగానో వస్తుంది. అన్నీ తిన్నాక మిగిలిన ముక్కలు ఏరుకోవడానికి చిన్నపాటి తెల్ల రాబందు వస్తుంది. రాబందు మెడ మీద ఈకలు లేవేమని చాలామంది అడుగుతారు. మెడ లోపలిదాకా పెట్టి తినే పక్షికి అక్కడ ఈకలుంటే రక్తం గడ్డకట్టి పేరుకుపోతుంది. బోడి మెడ అయితే నీళ్లకూ ఎండకూ ఇట్టే శుభ్రమవుతుంది. తిన్నాక అవి వాగులో మునిగి స్నానం చేసేవి, ఒడ్డున రెక్కలు చాపి ఆరబెట్టుకునేవి. ఒక్కోసారి ఎంత తినేవంటే ఎగరలేక, కాలవ గట్టు మీద పరుగు తీసి తీసి లేచేవి. మేము తరిమితే తిన్నది కక్కేసి తేలికై ఎగిరిపోయేవి.

పెద్ద గుంపు దిగిందంటే గంట తిరక్కుండా ఎద్దు మాయం, ఎముకలే మిగిలేవి. వాసన లేదు, పురుగు లేదు, ఈగ లేదు. కుళ్లిన మాంసంలో ఉండే చాలా రకాల క్రిములు వాటి కడుపులోని ఆమ్లానికి తట్టుకోలేవు. పంచాయతీకి పైసా ఖర్చు లేదు. మనుషులు ముక్కు మూసుకునే పనిని అవి భోజనం చేసుకున్నాయి. మనం మాత్రం చెడ్డవాళ్ల గురించి చెప్పేటప్పుడు "రాబందుల్లా వాలారు" అంటాం. బతికున్న దాన్ని రాబందు చంపదు. అప్పిచ్చి భూమి లాక్కున్నవాణ్ణి రాబందు అనడం రాబందుకు అవమానం.

ఏడాదికి ఒక్క గుడ్డు

ఇప్పుడు గూడు సంగతి. దీన్ని జాగ్రత్తగా వినండి, ఆ పక్షి ఎందుకు తిరిగి లేవలేకపోయిందో ఇక్కడే ఉంది.

తెల్లవీపు రాబందు పెద్ద చెట్ల మీద గూడు కడుతుంది. మర్రి, రావి, మద్ది, ఏదైనా సరే, ఎత్తుండాలి, దిగడానికి చుట్టూ ఖాళీ ఉండాలి. ఒకే చెట్టు మీదో, దగ్గర దగ్గర చెట్ల మీదో పది పన్నెండు గూళ్లు కట్టుకుని ఊరులా ఉంటాయి. పుల్లలతో మంచంలా అల్లి, లోపల పచ్చి ఆకులు పరుస్తాయి. నిరుటి గూటినే బాగుచేసుకుని మళ్లీ వాడతాయి. రెట్టల వల్ల కొమ్మలన్నీ సున్నం వేసినట్టు తెల్లగా ఉంటాయి. ఆ తెలుపు చూసే దూరం నుంచి అది రాబందుల చెట్టని చెప్పేవారు.

చలికాలం మొదట్లో గుడ్డు పెడుతుంది. ఒకే ఒక్కటి. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని నెలన్నరకు పైగా పొదుగుతాయి. పిల్ల బయటకు వచ్చాక ఇద్దరూ మేతకు వెళ్లి, కడుపులో దాచుకొచ్చింది కక్కి పెడతాయి. ఆ పిల్ల ఎగరడానికి మరో మూడు నెలలు పైనే. అంటే కార్తీకంలో మొదలైన కాపురం ఎండాకాలం దాకా సాగుతుంది. ఇంత చాకిరీకి ఏడాదికి మిగిలేది ఒక్క పిల్ల. అది కూడా బతికితే. ఆ పిల్ల పెద్దదై తను గూడు కట్టుకోవడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది.

కోడి ఏడాదిలో ఎన్ని గుడ్లు పెడుతుందో మీకు తెలుసు. తెగులొచ్చి కోళ్లన్నీ పోయినా రెండేళ్లలో దొడ్డి నిండుతుంది. రాబందుది ఆ దారి కాదు. తక్కువ పిల్లలు, ఎక్కువ ఆయుష్షు. పెద్ద పక్షులు ఏళ్ల తరబడి బతికితేనే ఆ లెక్క సరిపోతుంది. పెద్దవి చావడం మొదలైతే పిల్లలు ఆ లోటు పూడ్చలేవు.

మన పక్కనే ఒక మంచి ఊరు

టెక్కలి దగ్గర తేలినీలాపురం మీలో చాలామంది చూసే ఉంటారు. నౌపడ ఉప్పు మడులకు దగ్గర. సెప్టెంబరు వచ్చేసరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల్లో వచ్చి ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. మార్చి, ఏప్రిల్ దాకా ఉండి పిల్లలతో వెళ్లిపోతాయి. వాటిని సైబీరియా పక్షులని అందరూ అంటారు, పేపర్లూ రాస్తాయి. ఆ మాట నిజం కాదు. గూడబాతు మన దేశపు పక్షే. మన దేశంలోనే నీళ్లు, చేపలు ఉన్న చోటికి తిరుగుతూ ఉంటుంది, మన చెట్ల మీదే పిల్లల్ని కంటుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వర్షాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. పొలాల్లో నత్తల్ని ముక్కుతో తెరిచి తింటాయి, రైతుకు మేలు చేస్తాయి.

ఆ ఊళ్లవాళ్లు ఆ పక్షుల్ని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు. పెరట్లో చెట్టు మీద వంద గూళ్లుంటే కింద రెట్టలు, చేపల కంపు, రాత్రంతా గోల. అయినా ఓర్చుకుంటారు. పక్షులు రాని ఏడాది ఊరికి మంచిది కాదనుకుంటారు.

ఇక్కడ ఒక్క మాట ఆలోచించండి. గూడబాతు చేప తింటుంది, రాబందు చచ్చిన గొడ్డును తింటుంది. రెండూ పెద్ద చెట్టు మీదే గూడు కడతాయి, రెండూ మనుషుల పక్కనే బతికాయి. ఒకదాన్ని ఆడపిల్ల అన్నాం, రెండోదాన్ని అపశకునం అన్నాం. ఇంటి కప్పు మీద రాబందు వాలితే శాంతి చేయించినవాళ్లు ఉన్నారు. ఆడపిల్ల రాకపోతే ఆ ఏడాదే ఊరంతా అడుగుతుంది. అపశకునం రాకపోతే ఎవరడుగుతారు? అందుకే అది పోయినప్పుడు మనకు తెలియలేదు. నేను ఆఖరి రాబందును ఏ ఏట చూశానో నాకే గుర్తులేదు. అది ఆఖరిదని ఆ రోజు తెలియదు కదా.

సూది వేసింది నేనే

ఎందుకు పోయాయి? మొదట రకరకాలుగా అనుకున్నారు. చెట్లు కొట్టేశారని, పురుగుమందులని, ఏదో వైరస్ అని. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అడవిలో గూళ్లు ఖాళీ అవుతున్నాయని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1990లలోనే గమనించారు. చెట్టు మీద కూర్చున్న రాబందు మెడ వాల్చేసి, ఎండలో తూలుతూ, కొన్నాళ్లకు కింద పడి చచ్చిపోయేది. కోసి చూస్తే కాలేయం మీద, గుండె మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లటి పూత. అది యూరిక్ ఆమ్లం. కిడ్నీలు చెడితే బయటకు పోవాల్సింది లోపలే పేరుకుంటుంది.

కిడ్నీలను చెడగొట్టింది ఏమిటో 2004లో తేలింది. పాకిస్తాన్‌లో చేసిన ఆ పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. కారణం డైక్లోఫెనాక్. నొప్పికి, వాపుకు వాడే మందు. అది వేసిన గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతే మందు దాని ఒంట్లోనే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందు కొద్ది రోజుల్లోనే కిడ్నీలు పాడై చచ్చిపోతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ సూదులు వేసినవాళ్లలో నేనొకణ్ణి. కాలు వాచిన ఎద్దుకు వేశాను, పొదుగువాపు వచ్చిన ఆవుకు వేశాను, లేవలేని గేదెకు వేశాను. చవకైన మందు. వేసిన గంటకే గొడ్డు లేచి నిలబడేది, రైతు నాకు దండం పెట్టేవాడు. బతకదని తెలిసిన గొడ్డుకు కూడా, నొప్పి తగ్గి పోతుందిలే అని వేశాను. అలాంటి గొడ్డే రాబందుకు విషమని నాకు తెలియదు, నాకు మందు ఇచ్చినవాళ్లకూ తెలియదు. తెలియక చేసినదే, కానీ చేసింది చేయలేదని చెప్పలేను.

నేను వేసినవి ఎన్ని ఉంటాయి, వాటితో అన్ని పక్షులు చస్తాయా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. శాస్త్రవేత్తలు లెక్క వేసి చూపించారు. వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఈ మందు ఉన్నా చాలు, అంతకంటే తక్కువున్నా చాలు, రాబందుల జాతి కూలిపోతుంది. ఎందుకంటే ఒక్క గొడ్డు మీద ముప్పై నలభై కలిసి తింటాయి. ఒక్క రోజులో వంద కిలోమీటర్లు తిరగగల పక్షి అది. మహేంద్రగిరి వైపు గూడున్న పక్షి టెక్కలి దగ్గర మేసి వెళ్లి గూట్లో చస్తుంది. దానికోసం చూస్తూ పిల్ల కూడా చస్తుంది. పైగా పెట్టేది ఒక్క గుడ్డు. 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు పోయాయి. వెయ్యి ఉన్నచోట ఒక్కటి మిగిలింది. ప్రపంచంలో ఏ పక్షీ ఇంత వేగంగా పడిపోయిన దాఖలాలు చాలా అరుదు.

అవి పోయాక

రాబందు పోతే ఎద్దు చావడం ఆగదు కదా. దిబ్బ మీద మాంసం మిగిలిపోయింది. అది కుక్కల పాలయింది. కుక్కలు పెరిగాయి. రాబందు కడుపులో అంతమయ్యే క్రిములు కుక్కతో పాటు ఊళ్లోకి వస్తాయి. కుక్క కాటు, పిచ్చికుక్క జబ్బు ఎంత భయంకరమో నేను చెప్పక్కర్లేదు. కుళ్లు వాగుల్లోకీ చెరువుల్లోకీ చేరుతుంది. 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పత్రికలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అంచనా ప్రకటించారు. రాబందులు పోయిన జిల్లాలను, మొదటినుంచీ పెద్దగా రాబందులు లేని జిల్లాలతో పోల్చి చూశారు. 2000 నుంచి 2005 దాకా, ఆ పక్షులు లేకపోవడం వల్ల మన దేశంలో అదనంగా సుమారు ఐదు లక్షల మంది చనిపోయి ఉంటారని వాళ్ల లెక్క. అది అంచనాయే. కానీ దిబ్బ మీద కూర్చుని ఫ్రీగా పనిచేసిన ఆ పక్షి విలువ ఎంతో అందులో తెలుస్తోంది.

ఉద్దానం మాట

ఇప్పుడు కిడ్నీల సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస పండే ఈ ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. మీ ఇళ్లలోనే డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉండొచ్చు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేలా చేసే పని, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానం ఉంది. డైక్లోఫెనాక్ వల్లే ఉద్దానం జబ్బు వచ్చిందని నేను చెప్పడం లేదు. అలా ఎవరైనా చెబితే నమ్మకండి.

నేను చెప్పేది వేరు. కిడ్నీ జబ్బుకు కారణం ఏదైనా, విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు కిడ్నీకి చెరుపు చేస్తాయన్నది డాక్టర్లందరూ ఒప్పుకునే మాట. ఇప్పటికే కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మరీ చెరుపు. కొబ్బరి దింపేవాళ్లు, జీడిపప్పు బట్టీలో పొద్దంతా కూర్చునేవాళ్లు, కొండచీపుర్లు మోసుకుని సంతకు దిగేవాళ్లు సాయంత్రం మందుల షాపులో ఏమడుగుతారు? "ఒళ్లునొప్పుల బిళ్ల ఇవ్వు" అంటారు. చీటీ లేదు, పేరు లేదు. రోజూ ఒకటి. మా ఇంట్లోనూ అంతే జరిగింది. గొడ్డుకు నేను వేసిన మందూ, మా ఆవిడ మోకాళ్లకు మింగిన మందూ ఒకే జాతివని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఇప్పుడు ఆమె క్రియాటినిన్ పరీక్షకు నెలనెలా పలాస వెళుతుంది.

రాబందు మనకంటే ముందు పోయింది. దాని కిడ్నీ చిన్నది, ఆ మందుకు అస్సలు తట్టుకోలేనిది. మనం తట్టుకుంటున్నామని ధైర్యంగా ఉండకూడదు. ఒక మందు గొడ్డు ఒంట్లోకి వెళితే అక్కడితో ఆగదు, మనిషి ఒంట్లోకి వెళితే ఊరికే పోదు. ఈ మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ఇంకా మిగిలి ఉన్నాయి

అన్నీ పోలేదు. తెలంగాణలో కుమురం భీం పేరు పెట్టుకున్న ఆసిఫాబాద్ జిల్లాలో, బెజ్జూరు అడవి వైపు పాలరాపు గుట్ట ఉంది. కింద వాగు, పైన నిలువు బండ. ఆ బండ అరల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013 ప్రాంతంలో బయటపడింది. ఆ జాతి చెట్ల మీద కాదు, బండల మీద కాపురం చేస్తుంది. కర్ణాటకలో రామనగర దగ్గర రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచి, పిల్లలు చేయించి అడవిలో వదిలే కేంద్రం ఉంది. హైదరాబాద్ నెహ్రూ జూలో కూడా పెంపకం చేస్తున్నారు.

చట్టం కూడా కదిలింది. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను కొని గొడ్లకు వాడుతున్నారని, 2015లో ఆ ఇంజెక్షన్ 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలోనే అమ్మాలన్నారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకూడదన్నారు. చట్టం ఢిల్లీలో ఉంటుంది. సూది మాత్రం మన పాకలో ఉంటుంది.

మీరు చేయగలిగిన పనులు

ఒకటి. ఇంట్లో గొడ్డుకు జబ్బు చేసి ఎవరైనా సూది వేయడానికి వస్తే, ఏం మందని అడగండి. నొప్పికైతే మెలాక్సికామ్ వేయమనండి. అది రాబందుకు హాని చేయదని పరీక్షించి తేల్చిన మందు, గొడ్డుకు బాగా పనిచేస్తుంది. మనుషుల డైక్లోఫెనాక్ తెచ్చి వేస్తానంటే వద్దనండి. అడగడానికి సిగ్గుపడకండి. నన్ను ఆ రోజుల్లో ఒక్కరైనా అడిగి ఉంటే నేనూ తెలుసుకునేవాణ్ణి.

రెండు. కుక్కల మీదో పందుల మీదో కోపంతో చచ్చిన గొడ్డులో పురుగుమందు పెట్టకండి, పెట్టనివ్వకండి. దాన్ని తిని చచ్చేవాటిలో రాబందు, గద్ద, నక్క అన్నీ ఉంటాయి.

మూడు. పెద్ద చెట్టును కాపాడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని చెట్లు కూలాయో మీరు చూశారు. కొబ్బరి, జీడి మళ్లీ వేశాం, ఎందుకంటే అవి డబ్బిస్తాయి. మర్రి, రావి, మద్ది ఎవరు వేశారు? వందేళ్ల చెట్టును ఒక్క రోజులో తెచ్చుకోలేం. గ్రామదేవత చెట్టు, వాగు పక్క చెట్టు, కొండ మీద చెట్టు, వాటిని అలాగే ఉంచండి.

నాలుగు. తల ఎత్తి చూడండి. మన తీరంలో కనిపించే గోధుమరంగు ఒళ్లు, తెల్లటి తల ఉన్నది గరుడ పక్షి. తోక చీలి ఉన్నది నల్ల గద్ద. రాబందు వీటికి రెండింతలు ఉంటుంది. రెక్కలు వెడల్పుగా పలకల్లా ఉంటాయి, చివర ఈకలు వేళ్లలా విడివిడిగా కనిపిస్తాయి, తోక పొట్టిది. కనిపిస్తే తారీకు, చోటు రాసుకోండి, ఫోనుతో ఫొటో తీయండి, అటవీ శాఖ ఆఫీసుకు చెప్పండి. గూడు కనిపిస్తే మాత్రం చెట్టెక్కవద్దు, ఆ చోటును వాట్సాప్‌లో పెట్టవద్దు.

ఐదు. ఇంటికెళ్లి మీ అవ్వను, తాతను అడగండి. మన భాషలో రాబందును ఏమంటారు? దాని గురించి కథ ఏమైనా ఉందా? దిబ్బ ఎక్కడ ఉండేది, అవి గూళ్లు కట్టిన చెట్టు ఏది? ఫోనులో రికార్డు చేయండి. వందేళ్ల కిందట గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ కొండల్లో తిరిగి సవర మాటలు ఒక్కొక్కటీ పోగుచేశారు. ఆయన మన ఇంట్లో పుట్టినవాడు కాదు. మన ఇంట్లో పుట్టిన మీరు ఒక్క పక్షి పేరు పోగుచేయలేరా? మాట తెలిసిన ముసలివాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. పక్షి పోయాక పేరు కూడా పోతే, తిరిగొచ్చినా పిలవడానికి మనకు మాట ఉండదు.

మన సవర ఇళ్ల గోడల మీద బొమ్మలు వేస్తారు. సూర్యుడు, చంద్రుడు, చెట్టు, మనుషులు, జంతువులు, పక్షులు. బొమ్మలు నేర్చుకుంటున్న చెల్లెళ్లను ఒకటి కోరుతున్నాను. ఈసారి గోడ మీద ఆకాశం వేసేటప్పుడు అందులో పెద్ద రెక్కల పక్షిని కూడా వేయండి. ఇంటికొచ్చిన పిల్లవాడు "ఇదేమిటి" అని అడుగుతాడు. టర్కీ కోడి కాదు నాయనా అని మొదలుపెట్టి మీరే చెప్పండి.

నేను బతికి ఉండగా ఈ కొండల మీద రాబందు తిరిగి వస్తుందో లేదో చెప్పలేను. నాలాంటివాళ్ల చేతుల్లో జరిగిన తప్పు మీ చేతుల్లో జరగకుండా ఉంటే నాకు అదే చాలు.